శబ్దప్రసాదము

ఓం శ్రీ గురు బసవలింగాయ నమః



కోడి కూయుటకు ముందే నేడు మన పల్లెలలో మైకు కూయుచున్నది. గుడి మీది నుండి సుప్రభాతము, మసీదు నుండి అజాను, ప్రార్థనామందిరము నుండి కీర్తన ఒకదాని వెంట ఒకటిగా, ఒక్కొక్కనాడు ఒకదానిపై ఒకటిగా వచ్చి చెవిని సోకుచున్నవి. ఇంటిలోనికి వచ్చినచో చేతిఫోనులో ప్రవచనము, బస్సెక్కినచో భక్తిపాట, తుదకు శవయాత్రలో సైతము పాటపెట్టె. ధర్మమునకు ఇంతటి శబ్దము పూర్వమెన్నడును తోడుగా లేదు. ఈ శబ్దమును మనమేమి చేయవలెను? మన మఠములు, మన కుటుంబములు దీనిని ఎంతవరకు వాడుకొనవలెను? ఎక్కడ ఆపవలెను? ఎన్.టి.ఆర్. జిల్లా తిరువూరు ప్రాంతములోని పెనుగొలను నుండి ఈ ప్రశ్నను మీ ముందుంచుచున్నాను.

ఇది చిన్న ప్రశ్న యని త్రోసివేయరాదు. మన సిద్ధాంతమున చెవికిని శబ్దమునకును గొప్ప స్థానము గలదు. ఒకే లింగము ఆరు విధములై ఆరు తావులయందు నెలకొనియున్నదని పెద్దలు బోధించిరి. నాసికయందు ఆచారలింగము, నాలుకయందు గురులింగము, కన్నులయందు శివలింగము, చర్మమునందు జంగమలింగము, చెవియందు ప్రసాదలింగము, హృదయమునందు మహాలింగము. చెవిలో నున్నది ప్రసాదలింగము. దానికి అర్పింపబడు పదార్థము శబ్దము. షట్స్థలములలో ఐదవదియైన శరణస్థలము ఈ ప్రసాదలింగముతోనే ముడివడియున్నది. అనగా వినుట నేర్వనివాడు శరణుడు కాజాలడని భావము.

ఇందులోని సూక్ష్మమును గమనింపుడు. మనము అన్నమును ఎట్లు భుజింతుము? ముందుగా ఇష్టలింగమునకు అర్పించి, పిదప ప్రసాదముగా స్వీకరింతుము. ప్రసాదము విషయమున మూడు మాటలు మన ఇండ్లలో పిల్లలకును తెలియును. అర్పణకు తగనిదానిని వండరాదు. స్వీకరించిన ప్రసాదమును విడిచిపెట్టరాదు. వలదన్నవాని నోట దానిని బలవంతముగా కుక్కరాదు. అన్నమునకు ఈ నియమములున్నప్పుడు శబ్దమునకు మాత్రము లేకుండునా? చెవిన పడు శివశబ్దమును గూడ ప్రసాదముగా భావించినచో, ఈ మూడు కొలతలతోనే మైకును, రేడియోను, క్యాసెట్టును, ఫోనును కొలువవలసియుండును. నేడు నేను చేయబోవునది ఆ కొలతయే.

మన ధర్మము పుస్తకమునకు ముందు నోటినుండి చెవికి నడచినది. 12వ శతాబ్దమున కల్యాణములో బసవేశ్వరుని చుట్టును చేరినవారిలో బట్టలుతుకు మడివాళ మాచయ్య గలడు, పడవ నడపు అంబిగర చౌడయ్య గలడు, త్రాళ్ళు పేను నులియ చందయ్య గలడు, అక్కమహాదేవి వంటి తల్లులు గలరు. వీరు తమ అనుభవమును సంస్కృతమున గాక, తాము ఇంటిలో మాటలాడు కన్నడముననే పలికిరి. ఆ పలుకే వచనము. వచనమనగా పలుకబడినది యని అర్థము. వ్రాయబడుట తరువాతి సంగతి.

తెలుగునాట పాలకురికి సోమనాథుడు ఆ శరణుల కథలను భక్తుల నోట విని, బసవపురాణమును ద్విపదగా రచించెను. రెండేసి పాదములుగా సాగు ద్విపద పాడుటకు వీలైనది. ఒకరు పలుకగా పదిమంది అందుకొనదగినది. అక్షరము రానివారి నాలుకపై గూడ నిలుచునది. పండితారాధ్య చరిత్రమున ఆయన శ్రీశైల యాత్రికులు పాడుకొను పాటల పేర్లను చెప్పియున్నాడు. వెన్నెలపదములు, గొబ్బిపదములు, పర్వతపదములు, తుమ్మెదపదములు, నివాళిపదములు మొదలైనవి నాటి జనుల నోట ఆడుచుండెడివి. సోమనాథుని తెలుగు బసవపురాణమునే 1369లో భీమకవి కన్నడమున రచించెను. అచ్చుయంత్రము లేని ఆ దినములలో కథ రాజ్యములు దాటి ఎట్లు పోయినది? కాలినడకన తిరిగిన జంగములే దానిని మోసికొనిపోయిరి. వారి కంఠమే యంత్రము, వారి కాళ్ళే వాహనము. వేకువజామున శంఖమును జేగంటను పట్టి వీధివీధి తిరిగి శివనామము వినిపించిన జంగమయ్యలను మీలో వయసు మీరినవారు ఎరిగియే యుందురు. వారు చెప్పిన జంగము కథయే బుర్రకథకు మూలమని పండితులందురు. కావున శబ్దముతో ధర్మమును వ్యాపింపజేయుట మనకు ఎవరో నేర్పిన విద్య గాదు. అది మన ఇంటివిద్య.

ఇక యంత్రము సంగతి. శబ్దమును పట్టి నిలుపు ఫోనోగ్రాఫును 1877లో అమెరికాలో ఎడిసను నిర్మించెను. 1887లో బెర్లినరు పళ్ళెమువంటి రికార్డుతో గ్రామఫోనును కనిపెట్టెను. 1902 నవంబరులో కలకత్తాలో గౌహర్ జాన్ పాటలను గ్రామఫోను కంపెనీవారు రికార్డు చేయుటతో మన దేశమున ఈ వ్యాపారము వేళ్ళూనినది. నాటి రికార్డు ఒక వైపున మూడు నాలుగు నిమిషములు మాత్రమే పలికెడిది. రాత్రి తెల్లవార్లు సాగు భజన గాని, కథ గాని అందులో ఇముడునా? పాటయే యంత్రమునకు తగినట్లు కుదించుకొనవలసివచ్చెను.

చాలసేపు పలుకు రికార్డులు వచ్చిన తరువాత, 1963లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి కంఠమున వేంకటేశ్వర సుప్రభాతము వెలువడెను. అంతవరకు కొండమీది సన్నిధిలో పలుకబడుచుండిన మేలుకొలుపు ఇంటింటి మేలుకొలుపాయెను. ఆ రికార్డుపై తనకు రావలసిన రాయల్టీని ఆమె తిరుమల తిరుపతి దేవస్థానమువారి వేదపాఠశాలకు చెందునట్లు చేసెను. సంప్రదాయము వేరైనను, కాయకమున ఆర్జించినదానిని దాసోహమున అర్పించు బుద్ధి అది. మంచిని ఎక్కడ చూచినను మంచియనుట శరణుల పద్ధతి.

రేడియో మరియొక మెట్టు. 1938లో మద్రాసు కేంద్రము, 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రము ఏర్పడినవి. విజయవాడ కేంద్రమునుండి ఉదయవేళ ప్రసారమైన భక్తిరంజనిని బాలాంత్రపు రజనీకాంతరావుగారు తీర్చిదిద్దిరి. తత్త్వములు, కీర్తనలు, స్తోత్రములు పంచాయతీ రేడియోద్వారా రచ్చబండ చెంతకు చేరెను. ఇందొక విశేషమును మనము మరువరాదు. ఒకప్పుడు ఏ పాట ఎవరు వినవచ్చునో, ఎవరు ఎంత దూరమున నిలువవలెనో కులము నిర్ణయించెడిది. రేడియో మాత్రము నీ కులమేదని అడుగలేదు. గాలిలో వచ్చు పాటకు అంటు లేదు, ముట్టు లేదు. 12వ శతాబ్దమున బసవేశ్వరుడు ఏ గోడను కూల్చబూనెనో ఆ గోడకు ఈ చిన్నపెట్టె గూడ తనవంతు గండి కొట్టినది.

కన్నడనాట ఇట్టి సేవ రెండు విధముల జరిగెను. మూలబడిన తాళపత్రములనుండి వచనములను వెదకి సేకరించి, 1923లో వచనశాస్త్రసారమును ముద్రింపించినవారు ఫ.గు. హళకట్టిగారు. అది కంటికి చేసిన దాసోహము. ధారవాడ మురుఘామఠ భక్తులైన మల్లికార్జున మన్సూరుగారు హిందుస్థానీ రాగములలో వచనములను పాడి రికార్డులకెక్కించిరి. అది చెవికి చేసిన దాసోహము. భాష రానివారు సైతము ఆ గానమును వినుటకు చెవియొగ్గుచున్నారు.

ఇతర మతములవారి ఉద్యమమును గూడ చూడుడు. 1931 ఫిబ్రవరి 12వ తేదీన వాటికనులో మార్కోనీయే స్వయముగా నెలకొల్పిన రేడియో కేంద్రమునుండి పోపు పదునొకండవ పయస్ ప్రసంగించెను. 1939లో అమెరికాలో జాయ్ రిడర్‌హాఫ్ అను మహిళ గాస్పెల్ రికార్డింగ్స్ అను సంస్థను స్థాపించి, చదువురాని జనులకు వారి వారి భాషలలోనే బైబిలు కథలను రికార్డులపై అందించుటకు పూనుకొనెను. కరెంటు లేని పల్లెలకు అట్టముక్కను మడచి చేసిన, చేతితో త్రిప్పు గ్రామఫోనును వారు పంపిరి. వారి రికార్డులు నేటికి 6,000కు పైబడిన భాషలలో, మాండలికములలో ఉన్నవి. పుస్తకము చదువలేనివాడు దైవవాక్యమునకు దూరము గారాదను పట్టుదల అందులో గలదు. చైనా బౌద్ధులు బుద్ధనామమును నిరంతరము జపించు చిన్నపెట్టెను ఇండ్లలో నుంచుకొందురు. 

ఇక క్యాసెట్టు. దీనిని 1963లో ఫిలిప్సు కంపెనీవారు వెలువరించిరి. రికార్డు చేయుటకు కర్మాగారము కావలెను. క్యాసెట్టు నింపుటకు ఒక టేప్‌రికార్డరు చాలును. అందుచే శబ్దముపై అధికారము కంపెనీలనుండి సామాన్యుని చేతికి వచ్చెను. దాని బలమెంతయో లోకము 1978-79లో ఇరాను దేశమున చూచినది. పారిసు చెంతనుండి ఖొమేనీ పలికిన ప్రసంగములు టెలిఫోనుద్వారా చేరి, క్యాసెట్లలో నకళ్ళుగా మసీదు మసీదునకు ప్రాకి, తుదకు ఒక చక్రవర్తి సింహాసనమునే కదల్చినవి. 1980 ప్రాంతమునుండి మన దేశమున గూడ చౌకక్యాసెట్లు వెల్లువెత్తి, పెద్దకంపెనీలు పట్టించుకొనని చిన్నక్షేత్రముల పాటలు, స్థలపురాణములు, జాతరపాటలు బజారుకు వచ్చెను. నేడు ఆ పని ఫోను చేయుచున్నది. యంత్రము మారుచున్నది గాని ప్రశ్న మారలేదు.

బంధువులారా! ఇంతవరకు మేలును చెప్పితిని. ఆ మేలును తక్కువ చేయుట న్యాయము గాదు. మంచము పట్టిన ముదుసలికి మఠమునకు పోవు శక్తి లేదు. ఆమె తలాపున సన్నగా పలుకు వచనము సాక్షాత్తు ప్రసాదమే. కన్నులు కనబడనివారికి, అక్షరము రానివారికి, పొట్టకూటికై దూరదేశము పోయిన బిడ్డకు ఆ శబ్దము ఊతకర్ర. దీనిని కాదనువాడు అనుభవము లేనివాడు. కాని ప్రసాదపు మూడు కొలతలను ముందు చెప్పుకొంటిమి గదా, వానితో నేటి మన ఆచరణను కొలిచిచూతము.

మొదటిది, వలదన్నవాని నోట కుక్కరాదనునది. లౌడ్‌స్పీకరు చేయునది ఏమి? వినుటకు సిద్ధపడనివాని చెవిలోనికి బలవంతముగా చొరబడుట. కంటికి రెప్ప గలదు, నోటికి పెదవి గలదు. చెవికి తలుపు లేదు. తలుపు లేని ఇంటిలోనికి చెప్పకుండ పోవుట మర్యాద గాదు. ఆ ఇంటిలో పరీక్షకు చదువుకొను పిల్లవాడుండవచ్చును, రాత్రిపని చేసి వచ్చి అప్పుడే కన్నుమూసిన కూలివాడుండవచ్చును, నొప్పులు పడుచున్న తల్లి ఉండవచ్చును. చట్టము గూడ ఇదే చెప్పుచున్నది. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమముల ప్రకారము నివాసప్రాంతములలో శబ్దము పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళను మించరాదు. మద్రాసు నగరములోని ఒక ప్రార్థనామందిరమునకు సంబంధించిన వ్యాజ్యమున 2000 ఆగస్టు 30వ తేదీన సుప్రీంకోర్టు, ఇతరుల శాంతిని భంగపరచి ప్రార్థన చేయవలెనని ఏ మతమును చెప్పదని స్పష్టపరచెను. 2005 జూలై 18వ తేదీన వచ్చిన తీర్పున రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు లౌడ్‌స్పీకర్లు నిషిద్ధమని ధ్రువపరచెను. పండుగలకు రాష్ట్రప్రభుత్వము ఏడాదికి 15 దినములకు మించకుండ అర్ధరాత్రివరకు సడలింపు నీయవచ్చును. ఈ నియమము మసీదునకు, చర్చికి, గుడికి, మఠమునకు సమానమే. పొరుగువాని మైకును వేలెత్తి చూపుటకు ముందు మన మఠము మీది మైకును మనమే దించుకొనవలెను. దయ లేనిది ధర్మము గాదని బోధించిన సంప్రదాయము మనది. నిద్రపోవు పసిపాపపై దయ చూపజాలని శబ్దము ఏ ధర్మము?

మరియొక సంగతి. మన దీక్షను తలచుకొనుడు. గురువు శిష్యుని చెవిలో మంత్రమును ఉపదేశించునప్పుడు ప్రక్కవానికి గూడ వినబడనంత మెల్లగా పలుకును. మన ధర్మమున అత్యంత విలువైన శబ్దము అత్యంత సన్నని శబ్దము! ఆ గుసగుసతో జీవితము మారుచున్నది. కావున బిగ్గరగా పలికినంతనే గొప్పదియగునను భ్రమ మనకు తగదు.

రెండవ కొలత, స్వీకరించినదానిని పారవేయరాదనునది. ఉదయము ఫోనులో వచనగానము పెట్టుదుము. ఒకరు దంతధావనము చేయుచుందురు, ఒకరు పత్రిక చదువుచుందురు, ఒకరు పిల్లవానిని కసరుచుందురు. పాట పాడుచునే యుండును, వినువారు లేరు. విస్తరిలో ఒక్క మెతుకును విడువని మనము శబ్దప్రసాదమును గంటల తరబడి నేలపాలు చేయుచున్నాము. ఇట్లు వాడగా వాడగా పాటకు అర్థమే మారిపోవును. కృష్ణాజిల్లా చౌటపల్లిలో 1922లో జన్మించిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారు తమ చివరిదినములలో భగవద్గీతను తాత్పర్యసహితముగా పాడిరి. 1974 ఫిబ్రవరి 11వ తేదీన వారు పరమపదించిన పిమ్మట ఆ రికార్డు వెలువడెను. జీవించుట యెట్లో చెప్పుటకు పాడిన ఆ గీత నేడు ఏ వీథిలోనైన వినబడినచో జనులు మొదట అడుగు మాట ఏది? "ఎవరు పోయినారు?" అని! శవయాత్రలలో మాత్రమే పెట్టిపెట్టి దానిని చావుపాటగా మార్చితిమి. గాయకుని దోషము గాదు, గ్రంథముదియు గాదు, యంత్రముదియు గాదు. చెవులప్పగింపక యంత్రమునకు అప్పగించిన మన దోషము.

మూడవ కొలత, అర్పణకు తగనిదానిని వండరాదనునది. నేడు బసవేశ్వరుని పేరు పెట్టి ఎవరికి తోచిన మాటను వారు ఫోనులలో త్రిప్పుచున్నారు. ఆ మాట వచనసంపుటములలో ఉన్నదో లేదో చూచువారు లేరు. శరణులు ఈ ప్రమాదమును ముందే ఎరిగినట్లున్నారు. ప్రతి వచనమునకు ముద్రవంటి అంకితమును కూర్చిరి. కూడలసంగమదేవ యన్నచో బసవేశ్వరుడు, చెన్నమల్లికార్జున యన్నచో అక్కమహాదేవి, గుహేశ్వర యన్నచో అల్లమప్రభువు. నేటి యంత్రములు ఇంకను ముందుకు పోయి, ఒక మనుష్యుని కంఠమును అచ్చముగా అనుకరించి ఆయన పలుకని మాటలను పలికింపగలుగుచున్నవి. గతించిన స్వామివారి కంఠముతో రేపు ఎవడైన చందా అడిగినను మనము గుర్తింపలేకపోవచ్చును. కావున ఎవరు పలికిరి, ఎక్కడ పలికిరి, ఎవరు రికార్డు చేసిరి అను అంకితము లేని శబ్దమును మన మఠములు స్వీకరింపరాదు, పంచరాదు.

ఈ మూటికంటె లోతైన మాట ఇంకొకటి గలదు. మన ధర్మమున స్థావరము వేరు, జంగమము వేరు. కట్టి నిలిపినది స్థావరము, కదలుచు జీవించునది జంగమము. బసవేశ్వరుడు జంగమమునే పెద్దచేసెను. మరి రికార్డయిన శబ్దము ఏ కోవలోనిది? ఊరూర తిరుగుచున్నది గనుక జంగమమువలె తోచును. కాని ప్రశ్న అడిగి చూడుడు, బదులు పలుకదు. ఆకలియా యని అడుగదు, దుఃఖమేల యని అడుగదు, తప్పుచేసినవానిని మందలింపదు. నిన్న పలికినదానినే నేడును పలుకును. ఎంత తిరిగినను అది స్థావరమే. పెక్కు ఆలయములలో నేడు మీట నొక్కినంతనే మోటారుతో గంటయు నగారాయు మ్రోగు యంత్రము వచ్చినది. మ్రోత తప్పక వచ్చుచున్నది. గంట కొట్టు మనుష్యుడు మాత్రము పోయినాడు. ఆ మనుష్యునితోబాటు ఊరి క్షేమసమాచారము, ఇంటింటి కష్టసుఖముల ఎరుక గూడ పోయినవి.

కల్యాణములోని అనుభవమంటపము ఒక్కరు పలుకగా అందరు వినిన సభ గాదు. అల్లమప్రభువు ప్రశ్నించెను, బసవేశ్వరుడు బదులిచ్చెను. అక్కమహాదేవిని నిలిపి అడిగిరి, ఆమె నిర్భయముగా ఉత్తరమిచ్చెను. తరువాతివారు ఆ వచనములను కూర్చి శూన్యసంపాదనను రచించినప్పుడు దానిని సంభాషణగనే తీర్చిరి. పలుకుట సగము, వినుట సగము. యంత్రమునకు నోరు గలదు, చెవి లేదు. చెవిలేనిదానికి ప్రసాదలింగము లేదు.

బసవపురాణములోని గొడగూచిని తలచుకొనుడు. తండ్రి ఊరికి పోవుచు శివునకు దినదినము పాలు నివేదింపుమని ఆ చిన్నదానికి చెప్పెను. ఆమె పాలగిన్నె నుంచి ఊరకుండలేదు. శివుడు నిజముగా త్రాగునని నమ్మి ఎదురుచూచెను. త్రాగకపోగా ఏడ్చెను, బ్రతిమాలెను, తల బాదుకొనబోయెను. తుదకు శివుడు త్రాగవలసివచ్చెను. పెద్దవారు గిన్నె నుంచి చేతులు దులుపుకొందురు. ఆ పసిది బదులు వచ్చువరకు కదలలేదు. భక్తియనగా బదులుకై ఎదురుచూచుట. మీట నొక్కి వెళ్ళిపోవుట గిన్నె నుంచి వెళ్ళిపోవుట వంటిది.

మనకు విజయవాడ దూరము గాదు. అది బెజవాడయైన దినములలో అక్కడ శ్రీపతి పండితారాధ్యులు నిప్పును వస్త్రమున మూటగట్టి జమ్మిచెట్టుకు కట్టిరని పెద్దలు చెప్పుదురు. మూటలోని నిప్పు గుడ్డను కాల్చలేదు. అది వారి మహిమ. శబ్దమును పట్టి నిలిపిన యంత్రము గూడ అట్టి అద్భుతమే. గతించిన కంఠము అందులో చల్లారక నిలిచియుండును. కాని అన్నము వండుకొనవలెనన్నచో నిప్పు మూటనుండి పొయ్యిలోనికి రావలసినదే. ఆ పొయ్యి మన ఇల్లు, మన సత్సంగము. అక్కడ మరల రగిలింపనిచో క్యాసెట్టుపెట్టెలో వేయి వచనములున్నను ఇంటిల్లిపాది ఆకలి తీరదు.

కావున నాకు తోచిన కర్తవ్యమును మనవి చేయుచున్నాను.

ఇంటిలో శివగానమును వినదలచినచో కొంచెముసేపే వినుడు, కూర్చుండి వినుడు. సోమవారము సాయంకాలము లింగపూజానంతరము ఒక్క వచనము చాలును. అది ముగిసిన వెంటనే ఫోనును ప్రక్కన బెట్టి, ఇంటిలోని చిన్నవారిని దాని భావము చెప్పుమనుడు. తప్పు చెప్పినను చెప్పనిండు. వారు ప్రశ్న వేసినచో అది అనుభవమంటపమే.

మఠములు తమ శబ్దమును తమ ప్రాకారములోపలనే ఉంచుకొనవలెను. ఉత్సవమునకు అనుమతి దొరికినను పొరుగువారిని ముందుగా అడుగుట మన మర్యాద.

మన పెద్దల కంఠములు ఒక్కొక్కటిగా ఆగిపోవుచున్నవి. ద్విపద పాడు తాతలు, మంగళహారతులు తెలిసిన అవ్వలు, శంఖమూదు జంగమయ్యలు ఉన్నంతలోనే వారి ముందు కూర్చుండి రికార్డు చేయుడు. మొదట వారి పేరు, ఊరు, పాట నేర్పినవారి పేరు, తేదీ వారి నోటనే చెప్పింపుడు. అదియే నేటి అంకితము. ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, ఫోనును దగ్గరగా నుంచినచో చాలును. గొప్ప స్టూడియో అక్కరలేదు. పాట నడుమ వారు ఆగి చెప్పు మాటలను కోసివేయకుడు. అందులోనే సగము విషయముండును. వారి అనుమతి లేక ఎవరికిని పంపకుడు. వారి శ్రమ కాయకము. దానికి తగిన కానుక నిచ్చుట మన ధర్మము.

అటకలమీద పాతక్యాసెట్లున్నచో వానిని పారవేయకుడు. టేపుమీది అయస్కాంతపు పూత తేమకు, వేడికి క్రమముగా చెడిపోవును, బూజు పట్టును. చెడకముందే తెలిసినవారిచేత కంప్యూటరులోనికి ఎక్కించి, కుదింపని రూపమున ఒక ప్రతిని భద్రపరచి, నకళ్ళను వేర్వేరు తావులలో నుంచుడు. ఒక ప్రతి ఇంటిలో, ఒకటి మఠములో, ఒకటి వేరొక ఊరి బంధువునొద్ద ఉండవలెను. అసలు టేపును గూడ లౌడ్‌స్పీకరునకు దూరముగా, పొడిచోట నిలువుగా నుంచవలెను. లౌడ్‌స్పీకరులోని అయస్కాంతము దానికి శత్రువు.

అన్నిటికంటె ముఖ్యము, జంగమమును ఇంటికి పిలుచుట మానరాదు. రికార్డు ఉన్నది గదా యని మనుష్యుని మానుకొనినచో, కొన్నాళ్ళకు రికార్డు చేయుటకు మనుష్యుడే మిగులడు. పండుగనాడు ఆయనను పీటపై కూర్చుండబెట్టి, ప్రసాదమిడి, పాడించుకొని, పిల్లలచేత ప్రశ్నలడిగింపుడు. దీక్షయు, మంత్రోపదేశమును ఏ యంత్రముద్వారాను తీసికొనకుడు. చెవికి నోరు దగ్గరగా రావలసిన సంస్కారమది.

పెనుగొలను అను పేరులో కొలను ఉన్నది. కొలనిలో రాయి వేసినచో అలలు ఒడ్డువరకు పోవును. చప్పుడు విని అందరు తలయెత్తి చూతురు. కాని దప్పిక తీరవలెనన్నచో మెట్లు దిగి దోసిలి పట్టవలసినదే. యంత్రము అలను ఒడ్డుకు చేర్చును. దోసిలి పట్టుట మనపని.

చెవియందలి ప్రసాదలింగము మీయందెల్లప్పుడు మేల్కొనియుండుగాక! మీ ఇంట పలుకు ప్రతి శివశబ్దమునకు వినువారొకరు, బదులు పలుకువారొకరు ఉందురుగాక!

శరణు శరణార్థులు.